కొన్నాళ్లే నిలిచే భారీ బహిరంగ కళాకృతి: దాని తయారీని నమోదు చేసే విధానం

మ్యూజియంలో ఉన్న శిల్పానికి తీసిన ఫొటో బాగా రాకపోతే మరొక రోజు వెళ్లి తీసుకోవచ్చు. సముద్రపు ఒడ్డున ఇసుకలో ఎకరాల మేర గీసిన చిత్రానికి గాని, నగరం నడుమ రెండు వారాలు నిలిచి తొలగిపోయే నిర్మాణానికి గాని ఆ వెసులుబాటు లేదు. క్రిస్టో, జాన్-క్లోడ్ అనే కళాకార దంపతులు 1995లో బెర్లిన్‌లోని రైక్‌స్టాగ్ అనే పార్లమెంటు భవనాన్ని లక్ష చదరపు మీటర్ల బట్టతో చుట్టినప్పుడు జనం దానిని చూడగలిగింది 14 రోజులు మాత్రమే. కాని ఆ ఆలోచన 1971 నాటిది. మధ్యలోని కాలమంతా స్కెచ్‌లు, ఉత్తరాలు, లెక్కలు, చర్చలతో గడిచింది. అటువంటి కృతికి మిగిలేది దాని గురించిన నమోదు ఒక్కటే కాబట్టి, పూర్తయిన రూపాన్ని అందంగా ఫొటో తీయడంతో బాధ్యత తీరిపోదు. అది ఎలా తయారైంది, ఎవరు చేశారు, ఏ నిర్ణయం ఎందుకు మారింది, చివరికి ఎలా తొలగించారు అన్నవి కూడా అంతే శ్రద్ధతో భద్రపరచాలి. కింద చెప్పేదంతా ప్రధానంగా ఈ రెండో పని గురించే.

పని మొదలు కాకముందు

మొదట చేయవలసినది ఒక ప్రశ్నల పట్టిక. ఇరవై ఏళ్ల తరువాత ఈ కృతి గురించి ఏమీ తెలియని వ్యక్తి ఏమేమి అడుగుతాడో ఊహించి రాయండి. కొలతలు ఎంత, ఏ పదార్థంతో చేశారు, నేలకు ఎలా బిగించారు, ఎంత గాలికి తట్టుకుంది, ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారు, నేల మీద నిలబడినవారికి ఎలా కనిపించింది, ఏది చెడిపోయింది, తీసేసిన తరువాత సామగ్రి ఎక్కడికి పోయింది. ప్రతి ప్రశ్న పక్కన దానికి జవాబు చెప్పగల ఆధారం ఏదో రాయండి: ఫొటో, వీడియో, నమూనా ముక్క, కాగితం, సంభాషణ. ఇలా చూసినప్పుడు కెమెరా జవాబు చెప్పలేని ప్రశ్నలే ఎక్కువని తెలుస్తుంది. చాలా బృందాలు పరికరాల జాబితాతో మొదలుపెట్టి ఈ పట్టికను మరిచిపోతాయి. తరువాత వేల ఫొటోలు ఉంటాయి గాని, బట్టను తాడుకు ఏ ముడితో కట్టారో చెప్పే ఫొటో ఒక్కటీ ఉండదు.

నమోదు చేసే వ్యక్తి అనుమతుల దశ నుంచే బృందంలో ఉండాలి. ఇందుకు మంచి ఉదాహరణ ఇదే దంపతులు 1976లో కాలిఫోర్నియా కొండల మీదుగా సముద్రం వరకు నిలిపిన ‘రన్నింగ్ ఫెన్స్’. సుమారు 39 కిలోమీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల ఎత్తు గల ఆ తెల్లని నైలాను తెర కూడా 14 రోజులే నిలిచింది. దాని వెనుక 18 బహిరంగ విచారణలు, పర్యావరణ ప్రభావంపై 450 పేజీల నివేదిక ఉన్నాయి. స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం 2008లో సేకరించింది ఈ ప్రాజెక్టు తాలూకు స్కెచ్‌లు, ఫొటోలు, కాగితాలు, నిర్మాణ భాగాలనే. తెర అప్పటికి ఎప్పుడో పోయింది. కాబట్టి ప్రతి స్కెచ్‌ను, దాని తరువాత వచ్చిన మార్పుతో సహా, తేదీ వేసి ఉంచండి. ఇంజినీరు వేసిన లెక్కలు, అనుమతి పత్రాలు, ఈమెయిళ్లు, బిల్లులు, సమావేశాల సారాంశాలు అన్నీ ఒకే చోట చేర్చండి. తిరస్కరించిన ఉత్తరాలను పారేయకండి. ఎవరు ఎందుకు వద్దన్నారో తెలిస్తేనే కృతి ఆ ఆకారం ఎందుకు తీసుకుందో అర్థమవుతుంది.

హక్కుల విషయం ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. బహిరంగ స్థలంలో ఉన్నదాన్ని ఎవరైనా ఫొటో తీసి అమ్ముకోవచ్చని చాలామంది అనుకుంటారు. జర్మనీ చట్టం ఆ స్వేచ్ఛను బహిరంగ స్థలాల్లో శాశ్వతంగా ఉండే కృతులకే ఇస్తుంది. బట్ట చుట్టిన రైక్‌స్టాగ్ ఫొటోతో పోస్టుకార్డులు అచ్చువేసిన కేసులో ఆ దేశపు సమాఖ్య న్యాయస్థానం 2002లో, అది శాశ్వతంగా ఉండే కృతి కాదు కాబట్టి కళాకారుల అనుమతి లేకుండా అమ్మడం చెల్లదని తీర్పు చెప్పింది. ఒక్కో దేశంలో ఒక్కో నిబంధన ఉంటుంది. అందువల్ల ఫొటోల హక్కు ఫొటోగ్రాఫరుదా, కళాకారుడిదా, నిర్వాహకులదా, ఎవరు ఎందుకు వాడుకోవచ్చు అన్నది ఒప్పందంలో ఉండాలి. పనివారు, వాలంటీర్లు వీడియోల్లో గుర్తుపట్టేలా కనిపిస్తారు కాబట్టి వారి సమ్మతి కూడా మొదటి రోజే తీసుకోండి. పని ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక్కొక్కరిని వెతికి సంతకం చేయించడం జరిగే పని కాదు.

నమోదు చేసే మనిషికి నిర్మాణంలో వేరే పని అప్పగించకూడదు. తాడు లాగడానికి చేతులు తక్కువైన క్షణమే నమోదు చేయదగిన క్షణం కూడా. అప్పుడు కెమెరా కింద పెట్టి సాయానికి పరిగెత్తవలసి వస్తే రెండు పనులూ చెడతాయి.

ఎక్కడ నిలబడి తీయాలి

మొదటి లారీ రాకముందే స్థలాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఫొటోలు తీయాలి. నేల, గడ్డి, కాలిబాట పలకలు, చెట్ల మొదళ్లు, గోడల మీద అప్పటికే ఉన్న పగుళ్లు కూడా అందులో రావాలి. పని ముగిశాక స్థలానికి నష్టం జరిగిందా లేదా అన్న వాదన వస్తే నిర్వాహకులకు అక్కరకు వచ్చేవి ఈ ఫొటోలే.

తరువాత ఐదారు స్థిర బిందువులను ఎంచుకోండి. ప్రతి బిందువుకు జీపీఎస్ స్థానం, కెమెరా ఎత్తు, చూపు దిశ, లెన్స్ ఫోకల్ లెంగ్త్ రాసుకోవాలి. నేల మీద మేకు గాని రంగు గుర్తు గాని వేయండి. ఫ్రేములో ఎప్పటికీ కదలని వస్తువు ఒకటి, అంటే ఒక భవనం మూల లాంటిది, ప్రతిసారీ ఒకే చోట వచ్చేలా చూసుకోండి. ఖాళీ స్థలం, సామగ్రి దిగడం, సగం పని, పూర్తయిన రూపం, తొలగింపు, మళ్లీ ఖాళీ స్థలం అన్న ఆరు దశలనూ ఇవే బిందువుల నుంచి తీస్తే, పక్కపక్కన పెట్టి పోల్చదగిన వరుస తయారవుతుంది. ఎన్ని గొప్ప ఫొటోలు తీసినా ఈ వరుసకు సాటి రావు.

బిందువులను ఎంచుకునేటప్పుడు కృతి ఎక్కడి నుంచి చూడడానికి ఉద్దేశించినదో గుర్తుంచుకోవాలి. జేఆర్ అనే ఫ్రెంచ్ కళాకారుడు 2019 మార్చిలో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం పిరమిడ్ చుట్టూ సుమారు 400 మంది వాలంటీర్లతో రెండు వేల కాగితపు పట్టీలు అతికించినప్పుడు, పిరమిడ్ నేలలోకి లోతుగా దిగినట్టున్న భ్రమ సరైన ఎత్తు, సరైన దిశ నుంచే కుదిరేది. కింద నడిచేవారికి అది నలుపు తెలుపుల కాగితం. వారి అడుగుల కిందే కొద్ది సమయంలో చిరిగిపోయింది. ఇటువంటి కృతికి రెండు దృశ్యాలూ నిజమే, రెండూ కావాలి. పైనుంచి తీసిన సంపూర్ణ భ్రమ మాత్రమే మిగిలితే ఆ ఆవరణలో నిలబడినవారు చూసింది చరిత్రలో లేకుండా పోతుంది.

డ్రోన్ విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంటుంది. అది నమోదుకు అవసరమైన పరికరమే, కాని దాని చుట్టూనే నమోదంతా తిరగకూడదు. నేల నుంచి చూడడానికి చేసిన కృతికి ఆకాశం నుంచి తీసిన వీడియోలే మిగిలితే, ఎవరూ చూడని దృశ్యాన్ని మనం భద్రపరిచినట్టు. డ్రోన్ నిజంగా పనికొచ్చేది కొలవదగిన పైదృశ్యం తయారు చేయడానికి. ఒకే ఎత్తులో, కెమెరాను నిట్టనిలువుగా కిందికి పెట్టి, వరుసలుగా ఎగురుతూ, ముందు వెనుక ఫొటోలు 80 శాతం, పక్క వరుసలు 70 శాతం ఒకదానిపై ఒకటి పడేలా తీస్తే, ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి కొలతలు రాబట్టే) సాఫ్ట్‌వేర్ వాటిని కుట్టి ఆర్థోమొజాయిక్ అనే పటం ఇస్తుంది. నేల మీద స్థానం కొలిచిన గుర్తులను ముందే నాలుగు మూలలా, మధ్యలో పరిస్తే ఆ పటం మీద దూరాలను నమ్మకంగా కొలవవచ్చు. ఎత్తును బట్టి సూక్ష్మత మారుతుంది: ఒక అంగుళం సెన్సారు, 20 మెగాపిక్సెళ్లు ఉన్న మామూలు డ్రోన్ 60 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద సుమారు 1.6 సెంటీమీటర్లకు సమానం. వేలెడు లావు తాడు అందులో సరిగా కనిపించదు. అది కావాలంటే కిందికి దిగాలి. డ్రోన్ అనుమతులు, జనం మీదుగా ఎగరడంపై నిషేధాలు, ఎంత గాలి వరకు ఎగరవచ్చన్న హద్దులు ముందే చూసుకోవాలి.

వెలుతురు ఎంపిక కృతి స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఇసుకలో గీసిన గాట్లకు, మంచులో తొక్కిన జాడలకు లోతే ప్రాణం కాబట్టి ఉదయం, సాయంత్రం వాలుగా పడే ఎండలో తీయాలి. మిట్టమధ్యాహ్నం అవి చదునుగా కనబడి గీత మాయమవుతుంది. గడ్డి మీదో రోడ్డు మీదో వేసిన రంగుల చిత్రానికి ఇది తలకిందులు: నీడలు రంగును కప్పేస్తాయి కాబట్టి మబ్బు పట్టిన వేళ గాని, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గాని తీయాలి.

టైమ్‌లాప్స్ లెక్క

టైమ్‌లాప్స్, అంటే కొంత వ్యవధికి ఒకటి చొప్పున తీసిన ఫొటోలను కలిపి చేసే వేగవంతమైన వీడియో, అందరికీ ఇష్టమైన భాగం, అందరూ తొందరపడి చెడగొట్టే భాగం కూడా. ముందు లెక్క వేయండి. పది రోజుల నిర్మాణం, రోజుకు పది గంటల పని అనుకుంటే మొత్తం 3,60,000 సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల చొప్పున ఒక నిమిషం వీడియో కావాలంటే 1,500 ఫ్రేములు, అంటే నాలుగు నిమిషాలకు ఒక ఫొటో సరిపోతుంది. కాని అలా తీస్తే క్రేన్ ఒక పెద్ద భాగాన్ని ఎత్తి నిలబెట్టిన సంఘటన మూడు నాలుగు ఫ్రేముల్లో మెరిసి మాయమవుతుంది. కాబట్టి 30 సెకన్లకు ఒకటి తీయడం మేలు. రోజుకు 1,200, పది రోజులకు 12,000 ఫొటోలు వస్తాయి. ఒక్కొక్కటి 8 ఎంబీ అయితే దాదాపు 96 జీబీ. ఎక్కువ తీసినవాటిని తరువాత తగ్గించుకోవచ్చు, తీయనివాటిని పుట్టించలేం. వేల ఫొటోలకు మెకానికల్ షట్టర్ అరుగుతుంది కాబట్టి ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటే దానినే వాడండి.

ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సారు స్పందించే స్థాయి), అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం)లను స్థిరంగా పెట్టి, షట్టర్ వేగాన్ని మాత్రం వెలుతురును బట్టి మారనివ్వండి. డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ప్రతి ఫొటోకు అపెర్చర్ మూసుకునేటప్పుడు వచ్చే అతి సూక్ష్మమైన తేడా వల్ల వీడియో మినుకుమినుకుమంటుంది. అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి ఉంచితే ఈ బెడద బాగా తగ్గుతుంది. కెమెరాను స్కాఫోల్డింగ్‌కు (పనివారు ఎక్కే పరంజాకు) బిగించకండి. పనివారు ఎక్కినప్పుడల్లా అది ఊగుతుంది, పైగా మధ్యలో దానిని విప్పేస్తారు. పక్క భవనం గోడకో, బాగా పాతిన స్తంభానికో బిగించాలి. ఫ్రేము కట్టేటప్పుడు కృతి ఇంకా లేదు కదా. అందుకని దాని నాలుగు మూలల్లో మనుషులను జెండాలతో నిలబెట్టి, క్రేన్ చేయి పైకి లేచే ఎత్తును కూడా లెక్కలోకి తీసుకుని, చుట్టూ కొంత ఖాళీ వదలండి. రోజూ ఉదయం లెన్స్ తుడవడం, కరెంటు లేదా బ్యాటరీ చూడడం, కార్డు మార్చడం ఒకే మనిషి బాధ్యతగా ఉండాలి.

టైమ్‌లాప్స్‌కు ఒక లోపం ఉంది, దానిని తెలిసి వాడాలి. అందులో నిర్మాణం తనంతట తానే పెరిగినట్టు ఉంటుంది, మనుషులు చీమల్లా పరుగులు తీసి మాయమవుతారు. బరువు, అలసట, ఎదురుచూపు, చర్చ ఏవీ కనబడవు. అందుకని ముఖ్యమైన ప్రతి పనిని కనీసం ఒక్కసారి మామూలు వేగంలో, మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆపకుండా వీడియో తీయండి: ఒక ముడి వేయడం, ఒక బట్ట మడత విప్పడం, ఒక పట్టీ అతికించడం, ఒక దిమ్మెను తూచి దించడం. చేతులు దగ్గరగా కనిపించే కోణం ఒకటి, మనిషి మొత్తం కనిపించే కోణం ఒకటి కావాలి. ఇవి చూడడానికి అంత ఆకర్షణీయంగా ఉండకపోవచ్చు. అయినా మరొక బృందం ఆ పనిని తిరిగి చేయాలనుకుంటే ముందుగా అడిగేవి ఇవే. శబ్దాన్ని కూడా విడిగా, గాలి తొడుగు ఉన్న మైకుతో, ప్రతి దశలో మూడు నాలుగు నిమిషాల పాటు రికార్డు చేయండి. బట్ట గాలికి కొట్టుకునే చప్పుడు గాని, మంచుదిమ్మె పగిలే చిటపట గాని ఏ ఫొటోలోనూ రాదు.

రోజువారీ చిట్టా

నమోదు మొత్తంలో అతి తక్కువ ఖర్చు, అతి ఎక్కువ విలువ గలది రోజు చివర రాసే చిట్టా. తేదీ, పని మొదలైన వేళ, ముగిసిన వేళ, ఎంతమంది వచ్చారు, ఏ భాగం పూర్తయింది, వాన, ఎండ, మీటరుతో కొలిచిన గాలి వేగం, వాడిన సామగ్రి, తగిలిన దెబ్బలు, ఆగిన పనులు అందులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ముందు గీసిన స్కెచ్‌కూ చేసినదానికీ ఎక్కడ తేడా వచ్చింది, ఆ మార్పు ఎవరు ఎందుకు నిర్ణయించారు అన్నది ఆ రోజే రాయాలి. వారం గడిచాక ఎవరిని అడిగినా మొదటి నుంచీ అలాగే అనుకున్నామంటారు. వారు అబద్ధం చెప్పడం లేదు, జ్ఞాపకమే అలా సర్దుకుంటుంది.

వైఫల్యాలను దాచకండి. క్రిస్టో, జాన్-క్లోడ్ దంపతులే అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రైఫిల్ అనే ఊరి వద్ద రెండు కొండల నడుమ కట్టిన నారింజ రంగు ‘వ్యాలీ కర్టెన్’ మొదటి ప్రయత్నం 1971 అక్టోబరులో విఫలమైంది. 1972 ఆగస్టు 10న రెండోసారి తెర నిలిచింది; 28 గంటలకే పెనుగాలి వీయడంతో దించడం మొదలుపెట్టవలసి వచ్చింది. ఇందులో నమోదు చేసేవారికి రెండు పాఠాలు ఉన్నాయి. విఫలమైన ప్రయత్నం కూడా కృతి చరిత్రలో భాగమే. పూర్తయిన రూపాన్ని రేపు మంచి వెలుతురులో తీద్దామని వాయిదా వేయకూడదు: పని పూర్తయిన గంటలోపే, ఆకాశం ఎలా ఉన్నా, స్థిర బిందువులన్నిటి నుంచి ఒక విడత తీసేయాలి. ఆ తరువాత మంచి వెలుతురు దొరికితే అది అదనపు లాభం.

చిట్టాతో పాటు రోజూ ఒకరిద్దరు పనివారితో పది నిమిషాలు మాట్లాడి రికార్డు చేయండి. కళాకారుడిని ఎలాగూ అందరూ అడుగుతారు. క్రేన్ నడిపిన మనిషికి, తాడు ముడి వేసిన మనిషికి తెలిసినది కళాకారుడికి తెలియకపోవచ్చు. "ఎలా అనిపించింది" అని అడిగితే మర్యాదకు చెప్పే జవాబే వస్తుంది; "ఈ రోజు ఏది అనుకున్నట్టు జరగలేదు" అని అడిగి చూడండి.

పదార్థాల నమూనాలు వేరే పెట్టెలో దాచాలి. బట్ట, తాడు, కాగితం, రంగు ఏదైనా సరే, వాడని ముక్క ఒకటి, ఎండకు ఎండి వానకు తడిసిన ముక్క ఒకటి ఉంచి, తయారీ బ్యాచ్ సంఖ్య, తేదీ రాసి వెలుతురు తగలకుండా భద్రపరచండి. వివరాల ఫొటోల్లో కొలబద్ద, కలర్ చార్టు తప్పనిసరి. తెర మీద కనిపించే నారింజ రంగు అసలైన నారింజేనా అన్న సందేహానికి జవాబు ఈ రెండింటి నుంచే వస్తుంది.

జనం చూసిన రోజులు, తొలగింపు

ప్రదర్శన రోజుల్లో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ఒక్కో విడత స్థిర బిందువుల నుంచి తీయడం, జనం కృతితో ఎలా మెలుగుతున్నారో దూరం నుంచి చూపే వీడియోలు తీయడం సరిపోతుంది. కొన్ని కృతులకు మాత్రం ఈ దశే అసలు నిర్మాణం. ఓలఫర్ ఎలియాసన్ అనే కళాకారుడు 2015 డిసెంబరులో పారిస్‌లోని పాంథియన్ అనే చారిత్రక కట్టడం ఎదుట గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చిన 12 మంచుదిమ్మెలను వలయాకారంలో పెట్టి కరగనిచ్చారు. అటువంటి చోట పెట్టిన రోజు ఫొటో ఒక్కటి పెద్దగా చెప్పదు. ప్రతి దిమ్మె ఎత్తు, చుట్టుకొలత రోజూ కొలిచి రాస్తేనే నమోదు పూర్తవుతుంది.

తొలగింపు నాటికి బృందం అలసిపోయి ఉంటుంది, బడ్జెట్ అయిపోయి ఉంటుంది, ఫొటోగ్రాఫరు మరో పనికి వెళ్లిపోయి ఉంటాడు. అందుకే ఆ రోజులకు డబ్బు, మనిషి ముందే ఒప్పందంలో ఉండాలి. విప్పిన క్రమం, చెత్తగా పోయినది ఎంత, మళ్లీ వాడుకున్నది ఎంత, ఎవరి చేతికి వెళ్లింది అన్నవి రాయాలి. 2014లో లండన్ టవర్ కందకంలో నాటిన 8,88,246 పింగాణీ పాపీ పువ్వులను ప్రదర్శన తరువాత తీసి, అంతకుముందే కొనుక్కున్నవారికి పంపారు; కొన్ని భాగాలను మాత్రం వేరే ఊళ్లలో ప్రదర్శించారు. ఒక కృతి ఇలా వేల ఇళ్లలోకి చెదిరిపోయినప్పుడు, ఏ భాగం ఎటు వెళ్లిందో ఆ వారాల్లోనే రాసుకోకపోతే తరువాత కూడగట్టడం అసాధ్యం. చివరగా ఖాళీ స్థలాన్ని మొదటి బిందువుల నుంచే తీయండి. గడ్డి మళ్లీ మొలిచే దాకా నెలకొకసారి వెళ్లి తీయగలిగితే ఇంకా మంచిది.

ఫైళ్లను అప్పగించే దాకా

అన్ని కెమెరాల గడియారాలను మొదటి రోజే ఒకే సమయానికి సరిచేసి, ప్రతి కెమెరాతో ఒకే ఫోను తెర మీది గడియారాన్ని ఫొటో తీయండి. తేడా ఏదైనా ఉంటే తరువాత దాని సాయంతో సరిదిద్దవచ్చు. ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ వరుసలో మొదలై, బిందువు సంఖ్య, కెమెరా సంఖ్యతో ముగియాలి. కార్డులోని ఫైళ్లను అదే రోజు రెండు వేర్వేరు డిస్కులకు ఎక్కించి, మూడో ప్రతిని మరొక ఊరిలో గాని క్లౌడ్‌లో గాని ఉంచి, అప్పుడే కార్డును ఖాళీ చేయండి. కెమెరా ఇచ్చే రా (RAW, అంటే ఏ సవరణా లేని అసలు) ఫైళ్లను మార్చకుండా ఉంచాలి. సవరించినవి వేరే ఫోల్డరులో ఉండాలి. ఫొటోలో ఏముంది, ఎవరు తీశారు, హక్కు ఎవరిది అన్న సమాచారాన్ని ఫైలు లోపలి మెటాడేటాలోనే రాయండి; వేరుగా ఉన్న జాబితా ఎప్పుడో ఒకసారి ఫొటోల నుంచి విడిపోతుంది.

అప్పగించే ముందు ఒక పరీక్ష పెట్టండి. కృతిని ఎన్నడూ చూడని ఒక వ్యక్తికి ఈ నమోదంతా ఇచ్చి, కొలతలతో సహా దానిని కాగితం మీద గీయమని, కట్టిన క్రమాన్ని మాటల్లో చెప్పమని అడగండి. ఆయన ఎక్కడ ఆగిపోయాడో అక్కడ ఖాళీ ఉన్నట్టు. పనివారి ఫోను నంబర్లు ఇంకా మీ దగ్గర ఉండగానే, జరిగినది వారికి ఇంకా గుర్తుండగానే, ఆ ఖాళీలను వారిని అడిగి నింపి, ఎవరు ఏ తేదీన చెప్పారో పక్కన రాసి పెట్టండి.